పద్నాలుగో మెట్టు మీద కుళాయి

"మీ ఇంట్లో విశేషం ఏమైనా ఉందా?" అని పురపాలక సంఘం గుమాస్తా అడిగేసరికి వాకాడ భద్రం చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకు అరవై ఒకటి నడుస్తోంది. భార్య మంగాయమ్మకు యాభై ఏడు. ఈ వయసు మొగుడూ పెళ్లాలను పట్టుకుని అడగవలసిన మాటేనా అది? అయినా అడిగినవాడు ఆఫీసు మనిషి. జవాబు చెప్పకపోతే బాగుండదు.

"లేదండి. మాకు ఒక్కతే అమ్మాయండి. దానికే ఇద్దరు పిల్లలండి ఇప్పుడు," అన్నాడు నేల చూపులు చూస్తూ.

గుమాస్తా తలెత్తలేదు. "మనుషుల సంగతి కాదండీ నేనడిగేది. కట్టడం సంగతి. దరఖాస్తులో తొమ్మిదో గడి చూడండి. 'గృహ విశేషాంశం' అని ఉందా? ఖాళీగా వదిలేశారు. అది నిండకపోతే నివాస పత్రం రాదు. పత్రం రాకపోతే కుళాయి రాదు."

భద్రం కాయితం వెనక్కి తీసుకుని తొమ్మిదో గడి వంక చూశాడు. ముప్ఫై రెండేళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. రోడ్డు పక్క బోర్డు ఇరవై అంటే ఇరవైలోనే పోయినవాడు. హారన్ మోగించరాదు అని రాసివున్న చోట దారికి అడ్డంగా గేదె పడుకుంటే, బస్సు దిగి వెళ్లి దాన్ని అదిలించాడే తప్ప హారన్ మీద చెయ్యి వెయ్యలేదు. ఆ రోజు బస్సులో ఉన్న యాభై మందీ తిట్టారు. భద్రం పట్టించుకోలేదు. బోర్డు పెట్టినవాడికి మనకంటే ఎక్కువ తెలుసు అన్నది ఆయన నమ్మకం. అలాంటి మనిషి దరఖాస్తులో ఒక గడి ఖాళీగా వదిలాడంటే, అందులో ఏం రాయాలో నిజంగానే తెలియలేదన్నమాట.

ఆయన ఇంట్లో విశేషం లేకపోవడానికి కారణం ఉంది. ముప్ఫై ఏళ్లు వాళ్లు ఓ మేడ మీద వాటాలో అద్దెకున్నారు. కుళాయి కింద, కాపురం పైన. నడుమ ఇరవై రెండు మెట్లు. పొద్దున ఆరు బిందెలు, సాయంత్రం నాలుగు. భద్రం డ్యూటీల మీద ఊళ్లు తిరుగుతుంటే ఆ నీళ్లన్నీ మంగాయమ్మే మోసింది. యాభై దాటేసరికి ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. మెట్లు ఎక్కొద్దమ్మా అని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ మాట వినడానికి కూడా ఆమె రెండంతస్తులు ఎక్కవలసి వచ్చింది, అది వేరే సంగతి.

రిటైరయ్యాక ఊరి చివర మూడు సెంట్ల జాగా కొని, పాత ట్రిప్పు షీటు వెనక భద్రమే ఇంటి బొమ్మ గీశాడు. ఒక హాలు, ఒక గది, వంటిల్లు, ముందు వసారా. బొమ్మ బుల్లబ్బాయి మేస్త్రీ చేతికిచ్చి ఒకే ఒక్క మాట చెప్పాడు. "ఇల్లంతా ఒకే మట్టం. ఎక్కడా ఎక్కుడూ దిగుడూ ఉండకూడదు. గడప కూడా వేలెడు మందం దాటకూడదు."

బుల్లబ్బాయి అలాగే కట్టాడు. ఇల్లు పూర్తయిన రోజున మంగాయమ్మ కళ్లు మూసుకుని వసారాలో బయల్దేరి వంటింటి దాకా నడిచి, గట్టు తగిలాక కళ్లు తెరిచింది. "కాలు ఎక్కడా తన్నుకోలేదండి," అంది. తరవాత గట్టు పక్కన గోడ మీద అరచెయ్యి ఆనించి, "కుళాయి ఇక్కడ పెట్టించండి. కూర్చున్నచోటే బియ్యం కడుక్కుంటాను," అంది. పెళ్లయిన ముప్ఫై ఆరేళ్లలో ఆమె భర్తను నోరు తెరిచి అడిగిన కోరికలు మూడో నాలుగో ఉంటాయి. ఇది వాటిలో ఒకటి.

ఆ కుళాయికీ తొమ్మిదో గడికీ ముడి పడడానికి కారణం పెదరేవు పురపాలక సంఘం ఛైర్మన్ గారి విజ్ఞాన యాత్ర. అంతకు ముందు ఏడు ఆయన విదేశాల్లో నగరాలు చూడ్డానికి వెళ్లారు. అక్కడ ఏ ఇల్లు చూసినా ఏదో ఒక వింత. ఒక ఇంటికి గాజు గోడట, ఒక ఇల్లు వంకరగా ఉందట, ఒకాయన కప్పు మీద గడ్డి పెంచి మేకను తోలాడట. తిరిగి వస్తూ కారులో కునుకు తీసిన ఛైర్మన్ గారు, ఊరి పొలిమేరలో లేచి కిటికీలోంచి చూసి, "ఇదే ఊరయ్యా?" అని డ్రైవరును అడిగారు. "మనదేనండి," అన్నాడు డ్రైవరు. ఆ జవాబు ఆయన్ను చాలా బాధ పెట్టింది. సొంత ఊరిని తాను గుర్తు పట్టలేకపోవడానికి కారణం నిద్రమత్తు కాదనీ, ఊళ్లో ఇళ్లన్నీ ఒకేలా ఉండడమనీ ఆయన తేల్చుకున్నారు.

వారం తిరక్కుండా 'ఇంటింటా విశేషం' తీర్మానం కౌన్సిలు ముందుకు వచ్చింది. భోజనాల తరవాత ప్రవేశపెట్టడం వల్ల ఏకగ్రీవంగా నెగ్గింది. ఇకమీదట పెదరేవులో కట్టే ప్రతి ఇంట్లోనూ ఒక విశేషాంశం ఉండాలి. ఒక ఇంట్లో ఉన్నది మరో ఇంట్లో ఉండకూడదు. ఎవరికి ఏది మంజూరైందీ రిజిస్టరులో ఎక్కిస్తారు. దీనికోసం ఒక విభాగం పుట్టింది. విభాగానికి ఒక గది, గదికి ఒక ఏసీ, ఏసీ కింద ఒక అధికారి. ఆయన పేరు అనంతపద్మనాభం.

గుమాస్తా పంపగా భద్రం ఆ గదిలోకి వెళ్లి నిలబడ్డాడు. అనంతపద్మనాభం కుర్చీ చూపించారు.

"గృహమనగా ఏమిటి భద్రం గారూ?"

"ఉండ్డానికండి."

"అది పశుపక్ష్యాదుల దృష్టి. నివసించుట అనేది గృహం యొక్క ఆనుషంగిక ప్రయోజనం మాత్రమే. గృహం యజమాని వ్యక్తిత్వానికి సిమెంటు రూపం. మీ గృహం చూసిన వ్యక్తి ఒక క్షణం ఆగి ఆశ్చర్యపోవాలి. మీ గృహం ముందు ఎవరైనా ఆగారా?"

భద్రం ఆలోచించాడు. "పాలవాడు ఆగాడండి. ఇంకా దిగారా లేదా అని అడగడానికి."

"అది ఆశ్చర్యం కిందికి రాదు," అన్నారు అనంతపద్మనాభం, ఎంతో ఓపికగా.

ఆ సాయంత్రం భద్రం బుల్లబ్బాయి మేస్త్రీని పిలిపించాడు. బుల్లబ్బాయి నలభై ఏళ్లుగా ఊళ్లో ఇళ్లు కడుతున్నవాడు. సంగతంతా విని బీడీ ఆర్పి, "దీనికింత బెంగెందుకండీ. వసారా కిటికీ గుండ్రంగా చేసేస్తానండి. పూటలో పని," అన్నాడు.

మర్నాడు రిజిస్టరు తిరగేస్తే గుండ్రటి కిటికీ ఎరువుల కొట్టు కామందు పేర ఎప్పుడో ఎక్కింది. మూడు మూలల కిటికీ ఒక లాయరు గారిది. ఆరు మూలలది ఒక కౌన్సిలరుది. నక్షత్రం ఆకారం ఆ కౌన్సిలరు బావమరిదిది. కిటికీలు లేకపోవడం కూడా ఒకాయన తీసేసుకున్నాడు. పాపం ఆయన ఇంట్లో పగలు కూడా లైటు వేసుకుని బతుకుతున్నాడు. హాల్లో జలపాతం, గోడకు వేలాడే తోట, వంటింట్లో ఉయ్యాల, పడకగదిలో చేపల తొట్టి అన్నీ అయిపోయాయి. ఒక టీచరమ్మ ఇంటికి తలుపు మేడ మీద ఉంది. తాడు కట్టి బుట్ట దింపితేనే ఆవిడకు ఉత్తరాలు అందేది.

"ఇన్ని ఇళ్లు కట్టాను గానీ, ఇల్లు కట్టడం ఇంత కష్టమని ఇప్పుడే తెలిసిందండి," అన్నాడు బుల్లబ్బాయి.

సొంతంగా విశేషం తట్టనివాళ్ల కోసం ఆఫీసు ఒక సలహాదారును నియమించింది. పేరు శశాంక్. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, వెనక చిన్న పిలక. ఆయన భద్రం ఇంట్లో అడుగు పెట్టగానే ఎవరినీ మాట్లాడొద్దని సైగ చేసి, హాలు మధ్య కళ్లు మూసుకుని పావుగంట నిలబడ్డాడు. భద్రమూ నిలబడ్డాడు. మంగాయమ్మ మాత్రం మోకాళ్ల మూలంగా పీట వేసుకుంది.

కాసేపటికి శశాంక్ మెల్లగా కళ్లు తెరిచాడు. "ఈ స్థలం మనతో ఏదో అంటోంది. మీకు వినబడుతోందా?"

"వినబడుతుంది బాబూ," అంది మంగాయమ్మ. "కుళాయి ఎప్పుడిస్తారని అడుగుతుంది."

శశాంక్ ఆ మాట రాసుకోలేదు. భద్రం బస్సు డ్రైవరని విన్నాక మాత్రం ఆయన ముఖం విప్పారింది. "ప్రయాణం. అదీ ఈ ఇంటి ఆత్మ. సాదా నేల మీద ప్రయాణం ఎక్కడుంది? ఎత్తులు కావాలి, పల్లాలు కావాలి," అని అక్కడికక్కడే బొమ్మ గీసేశాడు. వసారా నుంచి వంటింటి దాకా, హాలుకు అడ్డంగా, మూడు స్పీడ్ బ్రేకర్లు.

"ఆవిడ మోకాళ్ల కోసమే అంతా ఒక మట్టంగా కట్టించానండి," అన్నాడు భద్రం.

"ఆ నొప్పి కూడా ప్రయాణంలో భాగమే కదండీ," అన్నాడు శశాంక్. ఆయన వయసు ఇరవై తొమ్మిది.

ఇంత చదువుకున్న మనిషి చెప్పాక కాదంటే బాగుండదనుకున్నాడు భద్రం. బుల్లబ్బాయి గొణుక్కుంటూనే మూడు గట్లు పోశాడు. మూడో రోజున మంగాయమ్మ రెండో గట్టుకు కాలు తన్నుకుని గిన్నెడు బియ్యం హాలంతా జల్లింది. వారానికి తనిఖీ జరిగింది. అనంతపద్మనాభం గారు గట్లను టేపుతో కొలిచి, పెదవి విరిచారు. మూడు రోజుల ముందే ఒక బట్టల వ్యాపారి 'తరంగ తలం' పేరిట అలలలాంటి నేల రిజిస్టరు చేయించుకున్నాడట. గట్టుకూ అలకూ మౌలికమైన భేదం లేదట. పునరుక్తి దోషం కింద దరఖాస్తు తిరిగి వచ్చేసింది. బుల్లబ్బాయి సమ్మెట పట్టుకుని తాను పోసిన గట్లు తానే పగలగొట్టాడు.

గట్లు పోసే ముందే అద్దె వాటా ఇంటివాళ్లు ఖాళీ చెయ్యమని తొందర పెట్టారు. ఇద్దరూ సామానుతో కొత్తింట్లో దిగిపోయారు. నీళ్లకు పక్కవీధి బోరింగే గతి. భద్రం సైకిలు క్యారేజీకి రెండు బిందెలు కట్టి పూటపూటా తోసుకొచ్చేవాడు. వంటింటి గోడకు మంగాయమ్మ చూపించిన చోట బుల్లబ్బాయి పెట్టిన కన్నం అలాగే ఉంది. అందులోంచి చీమలు వస్తున్నాయి.

రెండోసారి శశాంక్ ఇంకా పెద్ద ఆలోచనతో వచ్చాడు. హాల్లో ఒక మెట్లదారి. అది ఎక్కడికీ పోదు. నేల మీద మొదలై, పద్నాలుగు మెట్లు ఎక్కి, కప్పు దగ్గర ఆగిపోతుంది.

"పైన ఏముందండీ?" అన్నాడు బుల్లబ్బాయి.

"ఏమీ ఉండదు. అదే అందులోని అందం."

"మేడ లేదు కదండీ. మరి మెట్లెందుకండీ?"

"మేడ ఉంటే మెట్లు అవసరం అవుతాయి. అవసరమైనది విశేషం ఎలా అవుతుంది?"

బుల్లబ్బాయి దానికి జవాబు వెతుక్కుంటూ ఇంటికి వెళ్లిపోయాడు. పది రోజుల్లో మెట్లు లేచాయి. హాలు సగానికి సగం అవి మింగేశాయి. హాల్లో భద్రం మంచం వేద్దామంటే మెట్ల కింద తప్ప చోటు లేదు. పొద్దున లేస్తూ తల కొట్టుకోవడం భద్రానికి అలవాటైంది. అయితేనేం, తనిఖీలో అనంతపద్మనాభం గారు మొదటి మెట్టు దగ్గర నిలబడి కప్పు వైపు చూస్తూ చాలాసేపు ఉండిపోయారు. 'అసంపూర్ణ సోపానం, ఆశయ సంకేతం' అని రిజిస్టరులో సొంత దస్తూరీతో రాశారు. నివాస పత్రం మంజూరైంది. మంగాయమ్మ దేవుడి పటం ముందు దీపం పెట్టింది. భద్రం పావుకిలో సున్నుండలు కొనుక్కొచ్చి గుమాస్తాలకు పంచిపెట్టాడు.

ఆ మరుసటి నెలే పదకొండో నిబంధన వచ్చింది.

దాని వెనక కథ ఇది. అనంతపద్మనాభం గారు పాత విశేషాంశాలను ఆకస్మికంగా తనిఖీ చేశారు. నక్షత్రం కిటికీకి దోమలొస్తున్నాయని అట్టముక్క మేకులు కొట్టి ఉంది. జలపాతంలో బట్టలు నానబెట్టారు. ఉయ్యాల మీద ఉల్లిపాయల బస్తా. ప్రజలు విశేషాంశాలను మంజూరు చేయించుకుంటున్నారే గానీ అనుభవించడం లేదని ఆయనకు అర్థమైంది. అందుచేత 'ఏదేని ఒక ప్రాథమిక సదుపాయము విశేషాంశముతో అనుసంధానింపబడవలెను. సదరు సదుపాయమును విశేషాంశము ద్వారా మాత్రమే చేరవలెను' అని నిబంధన రాశారు. ఇక విశేషాన్ని వాడకుండా ఎవరికీ రోజు గడవదు.

కుళాయి బిగించడానికి ఫిట్టరు గవర్రాజు వచ్చాడు. సంచిలోంచి పైపులు తీసి వంటింట్లోకి వెళ్లకుండా తిన్నగా మెట్లెక్కాడు.

"వంటిల్లు ఇటు బాబూ," అంది మంగాయమ్మ.

గవర్రాజు మెట్ల మధ్యలో ఆగి చేతిలో కాయితం చూపించాడు. "పద్నాలుగో మెట్టు మీద అని రాశారమ్మా. నేనేం చెయ్యను." పైన మెడ వంచుకుని కూర్చుని, కప్పుకు జానెడు కింద కుళాయి బిగించి, దానికి సీసపు సీలు వేశాడు. దిగి వచ్చాక ఆమె ముఖం చూడకుండా సంచి సర్దుకున్నాడు. "నలభై కనెక్షన్లు ఇచ్చానమ్మా ఈ నెల్లో. ఒకళ్లకి బావి గట్టు లోపల పెట్టాను. ఇంటికెళ్తే అన్నం దిగట్లేదు," అన్నాడు.

భద్రం ఆ రోజు నుంచి మంగాయమ్మను మెట్టెక్కనివ్వలేదు. పొద్దునే తానే ఎక్కి, వంగి కూర్చుని, బిందె నింపి, ఒక్కొక్క మెట్టే దించుకొచ్చేవాడు. ఒకనాడు పింఛను పని మీద జిల్లా కేంద్రానికి వెళ్లి మధ్యాహ్నం దాకా రాలేకపోయాడు. ఇంట్లో నీళ్లు నిండుకున్నాయి. మంగాయమ్మ చిన్న చెంబు పట్టుకుని మెల్లగా గోడ పట్టుకుంటూ ఎక్కింది. ఎక్కడం బాగానే ఎక్కింది. దిగుతూ తొమ్మిదో మెట్టు మీద తడికి జారింది.

భద్రం వచ్చేసరికి ఆమె కింది మెట్టు మీద కూర్చుని ఉంది. కుడి మణికట్టు వాచి వంకాయంత అయింది. "చెంబుకు సొట్ట కూడా పడలేదండి," అంది.

మణికట్టు ఎముక విరిగింది. కట్టు కట్టించి ఇంటికి తెచ్చాక భద్రం తెల్లకాయితం తీసుకుని, కుళాయిని వంటింట్లోకి మార్చమని, జరిగినదంతా పూసగుచ్చినట్టు రాసి అర్జీ పెట్టుకున్నాడు. పన్నెండో రోజున జవాబు వచ్చింది. మంగాయమ్మకు చదివి వినిపించాడు.

"పైన ఉదహరించిన అర్జీని కూలంకషముగా పరిశీలించడమైనది. గృహస్థురాలు విశేషాంశమును ఆరోహించి, నీరు సేకరించి, అవరోహణ క్రమములో పతనమైనట్లు అర్జీదారు స్వయముగా అంగీకరించియున్నారు. దీనిని బట్టి సదరు విశేషాంశము దైనందిన వినియోగములో ఉన్నట్లు సంతృప్తికరముగా ధ్రువీకరింపబడినది. కావున కుళాయి మార్పు అవసరము కనబడుట లేదు. ఇట్లు వినియోగించుచున్నందుకు కుటుంబమునకు అభినందనలు."

"ఎవరికండీ అభినందనలు?" అంది మంగాయమ్మ.

"నువ్వు పడ్డందుకు," అన్నాడు భద్రం.

ఆమె ఎడమచేత్తో జుట్టు సర్దుకోబోయింది, కుదరక వదిలేసింది. భద్రం లేచి దువ్వెన తెచ్చి, చేతకాకపోయినా ఆమె జుట్టు దువ్వి ముడివేశాడు. తరవాత చొక్కా తొడుక్కుని ఆఫీసుకు వెళ్లాడు.

అనంతపద్మనాభం గారు ఆదరంగానే కూర్చోబెట్టారు. భద్రం కూర్చోలేదు.

"మీ ఇంట్లో కుళాయి ఎక్కడుందండి?"

"మా ఇంట్లోనా? వంటింట్లో."

"నేల మీద నిలబడితే అందుతుందాండి?"

"అందుతుంది. అది ప్రభుత్వ క్వార్టరు భద్రం గారూ. నిబంధనలు దానికి వర్తించవు. వరసగా పన్నెండు క్వార్టర్లు ఒకేలా ఉంటాయి." ఆయన కొంచెం విచారంగా నవ్వారు. "ప్రభుత్వానికి వ్యక్తిత్వం ఉండదు కదా."

భద్రం నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు. ఆఫీసు గేటు దగ్గర 'ఇంటింటా విశేషం' అని పెద్ద బోర్డు ఉంది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ దాన్ని శ్రద్ధగా చదవడం ఆయనకు అలవాటు. ఆ రోజు చదవలేదు. సైకిలు దాని పక్కనుంచే తొక్కుకుంటూ పోయి బుల్లబ్బాయి ఇంటి ముందు ఆపాడు.

"మేస్త్రీ గారూ, సమ్మెట పట్టుకుని రండి."

మెట్ల ముందు నిలబడ్డాక బుల్లబ్బాయి వెనకాడాడు. "పర్మిషనుందాండి?"

"లేదు."

"డ్రైవరు గారూ, తవరేనా ఈ మాటనేది?"

భద్రం సమ్మెట అందుకుని తొమ్మిదో మెట్టు మీద మొదటి దెబ్బ తానే వేశాడు. ముప్ఫై రెండేళ్లలో ఎర్రలైటు ఒక్కసారి కూడా దాటని మనిషికి గుండె దడదడలాడింది. రెండో దెబ్బకు దడ తగ్గింది. మూడో దెబ్బకు మెట్టు ఊడి కింద పడింది. గది గుమ్మంలో నిలబడి చూస్తున్న మంగాయమ్మ, "దుమ్ము కళ్లలో పడుతుంది, తువ్వాలు కట్టుకోండి," అంది. వద్దని మాత్రం అనలేదు.

సాయంత్రానికి పద్నాలుగు మెట్లూ వసారా ముందు కుప్పయ్యాయి. కప్పు కింద గాలిలో కుళాయి ఒక్కటే మిగిలింది. మెట్లు పూర్తిగా పోకముందే బుల్లబ్బాయి పైకెక్కి, దాన్ని తిప్పి వదిలేసి, మూతికి ప్లాస్టిక్ పైపు తొడిగి గట్టిగా బిగించాడు. పైపు గోడ వెంట దిగి, హాలు దాటి, చీమల కన్నంలోంచి వంటింట్లోకి వచ్చింది. దాని చివర బజార్లో కొన్న మామూలు కుళాయి పెట్టారు. మంగాయమ్మ పీట మీద కూర్చుని ఎడమచేత్తో దాన్ని తిప్పింది. నీళ్లు వచ్చాయి. ఆమె వెంటనే కట్టెయ్యలేదు. అలా కాసేపు పోనిచ్చింది.

మూడో రోజుకల్లా అనంతపద్మనాభం గారు సిబ్బందితో వచ్చారు. హాల్లో నిలబడి ఖాళీ జాగా చూసి నిజంగానే బాధపడ్డారు. ఒక ఆశయం నేలకూలిందన్నారు. ఇప్పుడీ గృహంలో విశేషాంశం లేదు గనక నివాస పత్రం రద్దు, పత్రం రద్దయింది గనక కుళాయి కోత అని అక్కడే ఉత్తర్వు రాసి, గవర్రాజుకు ఇచ్చారు.

గవర్రాజు కాయితం పూర్తిగా చదివాడు. తలెత్తి కప్పు వంక చూశాడు. "సీలున్న చోటే కొయ్యాలి కదండి?"

"అవును. నిబంధన ప్రకారం."

"అందదండి."

"నిచ్చెన వేసుకో."

"విశేషాంశం ద్వారా మాత్రమే చేరాలని పదకొండో నిబంధనలో ఉందండి. నిచ్చెన వేస్తే నిబంధన తప్పినట్టు కదండీ. పైగా ఇంట్లో నిచ్చెన నిలబెడితే అది కూడా సోపానం కిందికే వస్తుందేమోనండి. మళ్లీ రిజిస్టరు చెయ్యాలి."

ఆ నిబంధన అనంతపద్మనాభం గారే రాశారు. అందులోని 'మాత్రమే' అన్న మాట మీద ఆయనకు ప్రత్యేకమైన అభిమానం. "అయితే రోడ్డు మీద మెయిను దగ్గర కోసెయ్," అన్నారు.

"కొత్త సిమెంటు రోడ్డండి. అయిదేళ్ల దాకా తవ్వకూడదని కౌన్సిలు తీర్మానం."

"ఆ ప్లాస్టిక్ పైపు?"

"అది మన పైపు కాదండి. వాళ్ల సొంత ఆస్తి."

మెట్లు మళ్లీ కట్టించండి అని భద్రానికి నోటీసు ఇవ్వవచ్చునని సిబ్బందిలో ఒకరు సూచించారు. విశేషాంశం లేని ఇంట్లో కట్టుబడికి అనుమతి ఇవ్వడం కుదరదని ఇంకొకరు గుర్తు చేశారు. సంఘమే కట్టిస్తే సరి అనుకున్నారు. నివాస పత్రం లేని ఇంటి మీద సంఘం నిధులు ఖర్చు పెట్టరాదని లెక్కల విభాగం అడ్డుకుంది. ఫైలు అక్కడి నుంచి న్యాయ సలహాకు, అక్కడి నుంచి కమిషనరు గారికి, ఆయన దగ్గర నుంచి 'తగు చర్య నిమిత్తం' అనంతపద్మనాభం గారికే తిరిగి వచ్చింది. ఆయన మళ్లీ న్యాయ సలహాకు పంపారు. ఇలా మూడు చుట్లు తిరిగింది.

ప్రతినెలా ఒకటో తారీకున కుళాయి కొయ్యడానికి ప్రయత్నించినట్టు నివేదిక ఇవ్వాలని గవర్రాజుకు ఉత్తర్వు. అతను ఒకటో తారీకున తప్పకుండా వస్తాడు. వసారాలో చెప్పులు విడిచి హాల్లోకి వచ్చి, కప్పు వైపు చెయ్యి చాపుతాడు. అయిదున్నర అడుగుల మనిషి. చెయ్యి చాపాడని సాక్షి సంతకం కావాలి గనక భద్రం సంతకం పెడతాడు. మునుపు సంతకం పెట్టే ముందు కాయితం రెండుసార్లు చదివేవాడు. ఇప్పుడు చదవడం మానేశాడు.

ఆరో నెల వచ్చేసరికి మంగాయమ్మ చేతి కట్టు విప్పి చాలా రోజులైంది. మణికట్టు మాత్రం కొంచెం వంకరగా అతికింది. బరువులు ఎత్తడం కుదరదు. గవర్రాజు రాసుకుంటుంటే మజ్జిగ గ్లాసు తెచ్చి ఎడమచేత్తో పక్కన పెట్టింది.

"ఏం రాస్తావు బాబూ ప్రతినెలా?"

గవర్రాజు కాయితం ఎత్తి పట్టుకుని ఆఫీసు గొంతుతో చదివాడు. "సదరు కుళాయి మాకు అందుట లేదు. నీరు వారికి అందుచున్నది."

మంగాయమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "అందులో తప్పేముంది బాబూ. అలాగే ఉండనివ్వు," అని వంటింట్లోకి వెళ్లి, పీట మీద కూర్చుని, బియ్యం గిన్నె కుళాయి కింద పెట్టింది.